వెనక గోడ

మంగళవారం రాత్రి

వరినాట్లు మొదలైనప్పటి నుంచి నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి అన్నీ నడుం నొప్పులే. నాట్లు వేసే పారమ్మ ఈరోజు రెండోసారి వచ్చింది. వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగాలని పోయినవారం వెన్నుకి కర్ర ఆనించి మరీ నేర్పాను. అప్పుడు కుదరలేదు. అర్థం కాలేదేమో అనుకున్నాను. ఈరోజు వంగి చూపించమంటే మళ్ళీ అంతే, పిరుదులు లోపలికి లాక్కుని వీపు విల్లులా వంచేసింది.

"పిన్నీ, వెనక్కి నెట్టమన్నాను కదా" అన్నాను, కాస్త విసుగ్గానే.

చివరికి ఆమెను గోడకి జానెడు దూరంలో నిలబెట్టి, పిరుదులు గోడకి తగిలేదాకా వెనక్కి జరుపుతూ వంగమన్నాను. మొదటిసారికే వచ్చేసింది. వీపు బల్లలా ఉంది. పదిసార్లు వంగినా నొప్పి అనలేదు.

"వచ్చు కదా నీకు. పొలంలో కూడా వెనక గోడ ఉందనుకుని వంగు."

పారమ్మ చీర సర్దుకుంటూ నా వైపు చూడకుండానే చెప్పింది. "పొలంలో గోడేటి, డాక్టరమ్మా. నాటుకుంటూ ఎనక్కి ఎనక్కి వస్తాం. ఎనకాల గట్టు మీద కూలీల మేస్త్రి నిలబడి సూస్తుంతాడు."

సాయంత్రం నుంచి ఒకటే గుర్తొస్తోంది. పోయినవారం కర్రతో నేర్పినప్పుడు, ఈరోజు మొదట వంగమన్నప్పుడు కూడా ఆమె వెనక తలుపు తీసే ఉంది. బయట బెంచీ నిండా మగవాళ్ళు కూర్చుని ఉన్నారు.

రేపు ఆ తలుపుకి కర్టెన్ కట్టిస్తాను. గట్టుకి ఏం కట్టను?