యాదగిరి మామకు బీపీ చూశాను

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. బీపీ ఉందని తెలియకుండానే నువ్వు కుప్పకూలిన నాచారం ఫ్యాక్టరీ గేటు దగ్గరే, ఇప్పుడు నర్సుగా నెలకోసారి అందరికీ బీపీ చూస్తున్నాను.

నీ దోస్తు యాదగిరి మామ మాత్రం "నాకేం రోగం బిడ్డా, మంచిగనే ఉన్న" అంటూ తప్పించుకునేవాడు.

పోయిన నెల "మా నాయిన గూడ గిట్లనే అనేటోడు మామా" అన్నాను. చొక్కా చెయ్యి మడిచాడు. బీపీ చాలా ఎక్కువగా ఉంది. వెంటనే ఉప్పల్ దవాఖానాకు పంపి మందులు మొదలుపెట్టించాను.

ఇవాళ అందరికన్నా ముందొచ్చి కూర్చున్నాడు. బీపీ దిగింది.

"మీ అత్త పచ్చడి జాడీ దాచిపెట్టింది బిడ్డా, జర నువ్వన్న చెప్పు" అని మొరపెట్టుకున్నాడు. చెప్పనన్నాను. అందరూ నవ్వారు.

షిఫ్టుకు పోతూ పోతూ, మెల్లగా జారుకుంటున్న ఇద్దరిని కేకేసి పిలిచి, నా ముందు కూర్చోబెట్టాడు.

నీ బిడ్డ