ఒకటో నంబరు సీటు

చిరంజీవి తేసొక్‌ను అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇంటిల్లిపాదీ క్షేమం. ఓడలో ఇంజను గది వేడికి నువ్వు వేళకు తింటున్నావో లేదో రాయలేదు. రాయి.

కారు ఎలా ఉందని అడిగావు. మొన్నటి చలికి టైరు గాలి దీపం వెలిగితే కోడలు బోరామ్ చేత నాలుగింటికీ ముప్పయ్యారేసి గాలి పట్టించాను. నువ్వు ఓడ ఎక్కినప్పటి నుంచి మూడువేల నూటనాలుగు కిలోమీటర్లు తిరిగింది. నీ కూతురు దాసొల్‌కు ముందు పళ్ళు రెండూ ఊడాయి.

ఇక మీ అత్తగారు. కిమ్చీ పచ్చడి పెట్టడానికి రెండు రోజులని వచ్చిన మల్సున్ గారు పన్నెండో రోజూ ఇక్కడే ఉన్నారు. క్యాబేజీలు తేవడానికి బోరామ్ ఆవిడకు కారు తాళం ఇచ్చింది. ఆవిడ నాకంటే రెండేళ్ళు పెద్ద. ఈ వయసులో నడపకూడదని నేను బుద్ధిగా లైసెన్సు వెనక్కి ఇచ్చేశాను, ఆవిడ ఇవ్వలేదు. సీటు ముందుకు జరిపి, పైకెత్తి, నడుము దగ్గర దిండు ఉబ్బించి, స్టీరింగు దించుకుని, అద్దాలు వంచి, సీటు వేడి బటన్ కూడా నొక్కుకుంది.

“రోజూ ఇదంతా ఎవరు సర్దుతారు వదినగారూ, నాకూ ఒక నంబరు పెట్టించుకుంటాను” అంది.

నొక్కగానే ఎవరి సీటు వారికి సర్దే నంబరు బటన్లు కారులో రెండేననీ, రెండోది వాళ్ళమ్మాయిదనీ, ఒకటోది నీదనీ చెప్పాను.

“మీవాడు సముద్రం మీదున్నాడుగా. సీటేం చేసుకుంటాడు?”

ఆ మాట నాకు గుచ్చుకుంది. బడి నుంచి వచ్చి కారు ఆగగానే దాసొల్ రోజూ “నాన్న సీటు” అంటుంది. బోరామ్ దిగి ఒకటో నంబరు నొక్కుతుంది. సీటు మెల్లగా వెనక్కి జరిగి, కిందికి దిగి, నువ్వు కూర్చునే తీరుకు వచ్చి ఆగుతుంది. పిల్ల దానికి దండం పెట్టి లోపలికి వస్తుంది.

మర్నాడు నొక్కితే సీటు వెనక్కి పోలేదు. ముందుకు వచ్చి పైకి లేచింది. పిల్ల ఏడ్చింది. బోరామ్ వాళ్ళమ్మను నిలదీసింది. తను ముట్టలేదని ఆవిడ ఎంత చెప్పినా నమ్మలేదు. మూడు రోజులు తల్లీకూతుళ్ళకు మాటల్లేవు. నేను కడుపునిండా తిన్నాను.

ఆ పని చేసింది నేను, తేసొక్. కారులో తివాచీలు దులిపే నెపంతో కూర్చుని, సీటు నా ఎత్తుకు సర్దుకుని, సెట్ బటన్, ఒకటి బటన్ వరసగా నొక్కాను. నీ చోటు కాపాడుతున్నాననుకున్నాను. అది అబద్ధం. ఆవిడ కంటే ముందు నేనుండాలనుకున్నాను. మేమిద్దరం ఒకేలా పొట్టి కనుక ఎవరికీ అనుమానం రాలేదు. ఇంట్లో చెంచాలకు కూడా లెక్క రాసే నేను నీ సీటు ఎక్కడుండేదో ఒక్క అంగుళం రాసుకోలేదు.

ఆవిడ సంచి సర్దుకుని గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే ఇద్దరికీ నిజం చెప్పేశాను.

“నోరు విప్పడానికి మూడు రోజులు పట్టిందా వదినగారూ” అని చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి వెళ్ళింది.

బోరామ్ తాళం తీసుకుంది. కారు దగ్గరకు నడిచింది. వెనకే వెళ్ళి, నీ కాలి పొడవు నాకు తెలుసన్నాను.

“ఎప్పటిది అత్తయ్యగారూ?”

నీ బడి ప్యాంటు కుట్టించినప్పటిది.

నన్ను డ్రైవరు తలుపు దగ్గర సీటు మీటల పక్కన నిలబెట్టి, తను పక్క సీట్లో కూర్చుంది. కళ్ళు మూసుకుని, నీ భుజం ఉండే చోటికి చెయ్యి చాపింది. “వెనక్కి. ఇంకొంచెం. ఇప్పుడు కిందికి. వీపు కాస్త వాల్చండి.” చెయ్యి గాలిలో ఒకచోట నిలిచింది. “అంతే. నొక్కండి.” నొక్కాను. ఆ క్షణాన కోడలి మీద కలిగినంత అసూయ వియ్యపురాలి మీద నాకెన్నడూ కలగలేదు.

వచ్చాక కూర్చుని చూడు. వేలెడు తేడా ఉంటే నా ఒక్కదానికే చెప్పు.

ఇట్లు,
నిన్ను కన్న
అమ్మ