ప్యాకెట్ ముందువైపు

గురువారం ఉదయం, మార్చి 9

వదినకి నమస్కారాలు.

ఇక్కడ నేనూ, పాస్తా మిషనూ క్షేమం. పాపకి ఒంట్లో కుదుటపడిందని అన్నయ్య చెప్పాడు. నువ్వు మాత్రం నాతో మాట్లాడి నెల దాటింది. ఫోన్ చేస్తే ఎత్తవు, అందుకే ఈ ఉత్తరం. చింపేసేముందు ఒక్కసారి చదువు.

మా స్పెల్ట్ పాస్తాకి ల్యాబు రిపోర్టు వచ్చింది. వంద గ్రాములకి పద్నాలుగు గ్రాముల ప్రొటీన్, తొమ్మిది గ్రాముల పీచు. మెగ్నీషియం, జింకు కూడా బాగానే ఉన్నాయట. మైదా పాస్తాలో ఇందులో సగం పీచు కూడా ఉండదు. పొట్టు తీయకుండా పిండి పట్టించినందుకు నా నడుం పడిపోయినా ఫలితం దక్కింది.

రిపోర్టులో చివరి వరుసే నా నోరు మూయించింది. గోధుమలో ఉండే గ్లూటెన్ ఇందులోనూ ఉంది. స్పెల్ట్ కూడా గోధుమే, కాకపోతే పాత రకం. పాతదైనంత మాత్రాన గోధుమ కాకుండా పోతుందా అని ల్యాబు అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అందుకే ‘గోధుమ పడనివాళ్లు తినకూడదు’ అని ప్యాకెట్ ముందువైపే పెద్దక్షరాలతో వేయిస్తున్నాను. నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావేంటని షాపతను తల పట్టుకున్నాడు. వెనకవైపు చిన్నగా వేస్తే ఎవరు చూస్తారన్నాడు. ఎవరూ చూడరనే ముందు వేస్తున్నానన్నాను. ఆర్డరు సగానికి కోసేశాడు. కోయనీ. పాత ప్యాకెట్లన్నిటికీ నేనే కూర్చుని స్టిక్కర్లు అంటిస్తున్నాను. జిగురు వేళ్లకి ఈ కాగితం కూడా అంటుకుంటోంది.

పాప వాంతులతో మంచం పట్టినప్పుడు, నువ్వే ఏదో బిస్కెట్టు పెట్టి ఉంటావని అమ్మానాన్నల ముందు అన్నదాన్ని నేనే. గోధుమ పడని పిల్లని కనిపెట్టుకోవడం కూడా చేతకాదా అన్నాను. నువ్వు పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయావు. అది గుర్తొస్తే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆదివారం వస్తున్నాను. తలుపు తీయకపోతే మెట్లమీద కూర్చుంటాను గానీ వెనక్కి మాత్రం పోను.

ఇట్లు,
నోటిదురుసు ఆడపడుచు

తా.క. పాప పుట్టినరోజుకి నేను పంపిన డబ్బా గుర్తుందా? మూతమీద ‘ఇది గోధుమ కాదు, భయం లేకుండా పెట్టు’ అని నా చేత్తోనే రాశాను. అందులోది ఈ స్పెల్ట్ పాస్తానే. నువ్వు ఏ బిస్కెట్టూ పెట్టలేదు వదినా, నా మాట నమ్మి వండిపెట్టావు. ఆ మూత ఉంటే పారేయకు. ఆదివారం అమ్మానాన్నలకి అది చూపించే చెబుతాను.