ఎర్రగీతల నోటుపుస్తకం

అమ్మా సింధూరీ,

"సోమవారానికల్లా చదివిచ్చేస్తానండీ మాస్టారూ" అని ముప్పయ్యేళ్ల కిందట మా హెడ్మాస్టరు నా నోటుపుస్తకం తీసుకున్నారు. ఏ రోజు ఏ పాఠం ఎందుకు చెడిందో అందులో రాసుకునేవాణ్ణి. ఆయన ఆ తప్పుల కింద ఎర్రగీతలు గీసి ఇన్‌స్పెక్టరుకు అందించారు. "మీరే ఒప్పేసుకున్నారుగా!" అని ఆ ఇన్‌స్పెక్టరు నవ్వారు. నన్ను అవనిగడ్డకు బదిలీ చేశారు.

ఆ తరువాత ఒక్క ముక్క రాయలేదు. భిన్నాలు పిల్లలకు అర్థం కావడం లేదని తెలిసీ రిటైరయ్యేదాకా ఇరవై రెండేళ్లు అలాగే చెప్పాను. బాధ కూడా కలగలేదు.

విజయవాడ టీచర్ల శిక్షణలో నీ పాఠాల పోర్ట్‌ఫోలియో తయారుచేయమన్నారని, ఏం రాయాలని అడిగావు. చెడిన పాఠాలే రాయి. అది నీ దగ్గరే ఉంచుకో. శిక్షణవాళ్లకు మాత్రం ఫొటోలు అంటించి ఇవ్వు.

ఇన్‌స్పెక్టరును నేనెన్నడూ తిట్టుకోలేదు. ఇప్పటికీ తప్పుపట్టేది ఆ హెడ్మాస్టరునే, అంటే మీ తాతయ్య శోభనాద్రినే.