మూడు సున్నాలు

మంగళవారం, రాత్రి

ఎముక క్యాన్సర్‌తో మా వార్డులో ఉన్న ఎనిమిదేళ్ల అంజలిని మూడు రోజులుగా "నొప్పి ఉందామ్మా?" అని అడుగుతున్నాను. లేదని తలూపేది. చార్టులో నొప్పి గడిలో సున్నా వేసేదాన్ని.

ఇవాళ కారంపూడి నుంచి వాళ్ల అమ్మమ్మ వచ్చింది. పిల్ల మోకాలి మీద చెయ్యి వేసి, "ఏమే, సలుపుతందా?" అంది.

"చానా సలుపుతంది అమ్మమ్మా. నిద్ర కూడా పట్టట్లా."

"మరి నర్సమ్మకు చెప్పలేదేందే?"

"ఆమె నొప్పి అనడిగింది. నొప్పంటే దెబ్బ తగిల్తే గదా! నాకు దెబ్బేం తగల్లా."

నా చదువు తగలెయ్య! వెంటనే డాక్టరుగారికి చెప్పి మందు వేయించాను. కాసేపటికి అంజలి నిద్రపోయింది. నాకే పట్టడం లేదు. ఆ మూడు సున్నాలూ నా చేతిరాతే.

పక్క మంచం మీది పిల్లకీ సున్నాలే వేశాను. రేపు తనని ఏ మాటతో అడగాలో...