అయ్య మాట, నా తెలుగు

జూన్ 2, ఆదివారం
గుడియాత్తం చర్చిలో ఈ పొద్దు ఒక వింత. పాస్టరయ్య అరవంలో ప్రార్థన చేస్తా చేస్తా — "రత్నమ్మకి స్వస్థత ఇవ్వు ప్రభువా" అన్నాడు. రత్నమ్మ పోయి నెల దాటింది. సమాధి చేసింది ఈ అయ్యే! అరవం వాళ్ళు కూర్చునే వరసల్లో గుసగుస. పక్కన మైకు పట్టుకోని నేను, ఆయన మాటని తెలుగులో చెప్పేదాన్ని. నోరు ఆగలా... "రత్నమ్మ ఇంటివాళ్ళకి ఆదరణ ఇవ్వు ప్రభువా" అనేసినాను. తెలుగు వరసలంతా ఆమెన్.
బయట రత్నమ్మ మొగుడు చెన్నప్ప నా చేయి పట్టుకున్నాడు. "అయ్య మరిచిపోలేదు తల్లీ, నా ఆడమనిషిని."
ఇంతకీ దేవుడు ఏ ప్రార్థన విన్నట్టు? అరవమా, తెలుగా?

జూన్ 3
వేలూరు. ఆసుపత్రిలోనూ నా పని అదే కదా — ఆంధ్రా నుంచి వచ్చే రోగులకి డాక్టరు మాట తెలుగులో చెప్పడం. ఈ పొద్దు ఒకామె బతిమాలింది, "కొంచెం మంచిగా చెప్పమ్మా" అని. డాక్టరు చెప్పిందే చెప్పినాను. ఇక్కడ ఇంత నిక్కచ్చి. మరి అక్కడ, చర్చిలో? ఇంటికొచ్చే బస్సు పళ్ళికొండ దాటినా ఇదే ఆలోచన.

జూన్ 5
తలుచుకుంటే ఇది మొదటిసారి కాదు. అయ్య ఒకే కథ రెండుసార్లు చెప్తాడు, రెండోసారి నేను మింగేస్తాను. ఊరి పేరు తప్పితే సరిచేస్తాను. ఎప్పుడు మొదలుపెట్టినానో నాకే తెలీదు. అయ్యో... తెలుగు వాళ్ళకి వేరే పాస్టరయ్యని తయారుచేసి పెట్టినానా?

జూన్ 7
సంఘ పెద్ద దేవదాసు మామ వచ్చినాడు. అయ్య వాక్యం చెప్పేది ఆపాలా వద్దా — సంఘం కూడి తేలుస్తారంట.
"అరవం వాళ్ళు ఆపమంటాండారు. తెలుగు వాళ్ళేమో, అయ్యకేమప్పా, బంగారంగా చెప్తాండాడు అంటారు. మనిషి ఒకడే కదా పాపా, ఇదెట్ల?"
నా మొహం వేడెక్కింది.
"ఆయన పక్కన నిలబడేదానివి. నీ మాటే కడపటి మాట. సోమవారం చెప్పు."
మామ మీద పట్టరాని కోపం. మా నాయన మంచాన పడితే చుట్టాలు మొహం చాటేసినారు. అయ్య వచ్చి నాయన దుప్పట్లు ఉతికినాడు. ఆ మనిషిని నేను కిందికి దింపాలా? మామ అరుగు దిగుతా మళ్ళీ అన్నాడు — "ఆయనకి తోడుగా నిలబడటం వేరు పాపా. ఆయన బదులు నువ్వే మాట్లాడటం వేరు."


జూన్ 8
రేపు ఒక్క మాట మార్చను. అయ్య ఏమంటే అదే.

జూన్ 9, ఆదివారం
అయ్య మాటలో ఒక్క తప్పు లేదు! పేర్లు, ఊర్లు, అన్నీ సరిగ్గా. ఆ గొంతు, ఆ నవ్వు... పాత అయ్యే. అరవం వరసల్లో ఏడ్చినారు కూడా. తడబడింది నేనే. ఇదేమి లీల? దేవుడు నన్ను ఆటపట్టిస్తాండాడా? ఎంత సంతోషమో! అంత భయం కూడా.

జూన్ 10
పనికి సెలవు పెట్టినాను. మామకి చెప్పకముందే అయ్యతో మాట్లాడాలని పొద్దున్నే పోయినాను. తలుపు తీసింది పాస్టరమ్మ. కండ్లు వాచి ఉండాయి. లోపలికి చేయి చూపించింది.
అయ్య తెల్ల జుబ్బా వేసుకోని, తల నున్నగా దువ్వుకోని కుర్చీలో. "వచ్చినావా అమ్మా? పద, గుడికి టైమైంది."
ఊఁ అనడం ఎంత సులభం. నోటిదాకా వచ్చింది.
"అయ్యా... ఈ పొద్దు సోమవారం."
తన జుబ్బా వైపు చూసుకున్నాడు. పాస్టరమ్మ వంటింట్లోకి పోయింది.
"అంటే నిన్న వాక్యం చెప్పినానా?"
"చెప్పినారయ్యా. శానా బాగా చెప్పినారు." అది నిజం.
"వచ్చే ఆదివారం కూడా చెప్పేదా?" నన్నే అడిగినాడు, పిల్లోడి మాదిరి. "నువ్వు చెప్తే నమ్ముతాను."
సంచిలో ఫోను మోగుతాంది. మామే.