ప్రశ్న పూర్తి కానివ్వని పెట్టె

మామయ్యకు నమస్కారాలు.

ఫోను చేస్తే నా మాట పూర్తి కానివ్వవు, అందుకే ఉత్తరం. మనుషులతో పోటీపడి క్విజ్ ఆడే మా కంప్యూటర్ దాదాపు తయారైంది. దానికి బజర్లు బిగించింది నువ్వే, మొదటి ఆటలు ఆడిందీ నువ్వే. శుక్రవారం మా సంస్థ పెద్దల ముందు పోటీ. ఓడితే మా విభాగం మూసేస్తారు, దాంతోపాటు నా ఉద్యోగమూ పోతుంది. ఇన్నాళ్ల సాయానికి ధన్యవాదాలు.

నీ మేనకోడలు

తాజాకలం: ఇక దాని గదిలోకి వెళ్లకు. ఎదుటివాళ్లు ఆడే తీరు చూసి ఆ పెట్టె నేర్చుకుంటుంది. దానికి నీ తీరు అబ్బిందంటే కొంప మునుగుతుంది.

*

చిరంజీవి మేనకోడలిని దీవించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం, మీ అత్తయ్య నోరు మరీ క్షేమం. నువ్వు అడక్కపోయినా నీ మనసులో మాట నాకు తెలుసు. బజర్ చూడాలని వాచ్‌మన్‌తో చెప్పి, ఆదివారమంతా నీ పెట్టెతో ఆడాను. తెలివిగలదే కానీ మరీ మెతక. ప్రశ్న మొత్తం వింటుంది, ఆలోచిస్తుంది, అప్పుడు నొక్కుతుంది. బస్సు కదిలాక చిల్లర వెతుక్కునే రకం. నేను మొదటి మాటకే నొక్కేశాను. ఏమీ తోచనప్పుడల్లా 'తాబేలు' అన్నాను. ఎప్పుడో ఒకప్పుడు తగలకపోదు. తప్పని తేలితే 'ప్రశ్నే తప్పు' అన్నాను. సాయంత్రానికి అదీ దారిలోకి వచ్చింది.

నీ మేనమామ

తాజాకలం: నీ ఉత్తరం 'ధన్యవాదాలు' దాకా చదివాను. ఆ మాట తర్వాత ఎవరి ఉత్తరంలోనూ సరుకుండదు.

*

మామయ్యకు,

నమస్కారాలు రాయాలని లేదు, అయినా నమస్కారాలు. పోటీలో వ్యాఖ్యాత 'అందరికీ' అన్నాడు. 'స్వాగతం' అనేలోపే మన పెట్టె బజర్ నొక్కి 'తాబేలు' అంది. తప్పంటే 'ప్రశ్నే తప్పు' అంది. పోటీకి వచ్చిన లైబ్రేరియన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. చివరిదాకా అదే వరస. సగం దాటాక జనం కూడా దాంతో కలిసి 'తాబేలు' అన్నారు. ఇది దానికి ఎవరు నేర్పారని మా మేడమ్ అడిగితే, వైరు లూజైందని అబద్ధమాడాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంకొక్క అవకాశం ఇమ్మన్నాను. ఆలోచిస్తానన్నారు.

నీ మేనకోడలు

తాజాకలం: యంత్రాన్ని కింది అంతస్తుకు తీసుకెళ్లి, చెడకముందు దాచిన పాత కాపీ ఎక్కిస్తున్నాం. ఆ గదిలో ఇప్పుడున్నది ఉత్త డబ్బా. దయచేసి ఏమీ సర్దిపెట్టకు.

*

చిరంజీవి మేనకోడలికి, దీవించే మొహం లేక ఊరికే వ్రాయునది.

నీ ఉత్తరం 'తల ఎక్కడ పెట్టుకోవాలో' దాకా చదివి చెప్పులేసుకున్నాను. వెళ్లి పెట్టె ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. "తల్లీ, నేను నేర్పింది ఆట కాదు, నా రోగం. పెళ్లయినప్పటి నుంచి మీ అమ్మమ్మ మొదలుపెట్టిన మాట ఒక్కటీ ముగించలేదు, అంతా నా పుణ్యమే" అని చెప్పుకున్నాను. నీ బిడ్డ కదా, నాకు మనవరాలి వరస, మీ అత్తయ్య దానికి అమ్మమ్మ. పక్కనున్న ప్రశ్నల రికార్డు పెట్టి, చేతులు కట్టుకుని, ప్రతి ప్రశ్నా ఆసాంతం విని "తెలియదు" అన్నాను. ఆ మాట మొదటిసారి గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. పెట్టె ఒక్కసారి కూడా నొక్కలేదు. ఎంత ఓపిక నేర్చిందో అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దాంట్లో ఏమీ లేదండి" అన్నారు వెనక నుంచి ఎవరో.

మీ మేడమ్. ఎప్పటినుంచి నిలబడిందో, చేతిలో టీ మీద మీగడ కట్టింది. "మీ మేనకోడలు వైరు లూజైందని నాతో..." అంది. 'అవునండి, వైరే' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని ఆగాను. "...అబద్ధం ఎందుకు చెప్పింది?" అని ముగించింది.

"నా పరువు కోసమండి. చెడగొట్టింది నేను."

ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మళ్లీ పోటీ పెడతారట. నీ విభాగం ఉండేదీ ఊడేదీ అప్పుడే తేలుతుందట. ఈసారి ఎదురుగా కూర్చునేది లైబ్రేరియన్ కాదు, నేను. "మీలాంటివారి ఎదుట చెడిపోకుండా నిలిస్తేనే అది పనికొచ్చినట్టు" అంది.

ఇంటికొచ్చి, సిగ్గుతో, నీ తాజాకలాలు రెండూ చదివాను.

నీ మేనమామ

తాజాకలం: బెంగపడకు. ప్రతి ప్రశ్నా చివరిదాకా వింటాను. చివరిదాకా వింటే నాకు ఏదీ తెలియదు.